తెర మీద వాన: సీడెడ్‌లో ‘ఆదిత్య 369’

‘ఆదిత్య 369’ చూశామని కర్నూలు, కడప, అనంతపురం వాళ్లు నలుగురు కూచుని మాట్లాడుకుంటే నాలుగు వేర్వేరు సినిమాలు బయటికొస్తాయి. ఒకరు జిల్లా కేంద్రంలో రెండో వారంలో చూసుంటారు. ఒకరికి అది చాలా నెలల తర్వాత టూరింగ్ టాకీసుకు వచ్చిన బొమ్మ, నిండా గీతలు. ఇంకొకరు వినాయక చవితి పందిట్లో అద్దె టీవీ, డెక్కు (వీడియో క్యాసెట్ ఆడించే మిషన్) పెట్టి తెల్లార్లూ ఆడించిన మూడు క్యాసెట్లలో రెండోదిగా చూసి, సగంలోనే కునుకు తీసుంటారు. నాలుగో మనిషి ఎరిగింది రెండు వీసీడీల ప్యాకెట్టు. ‘ఆ సీనుంది’ అని ఒకరు, ‘లేదప్పా, నువ్వు కలగన్యావు’ అని ఇంకొకరు. వాదులాట మొదలయ్యేది ఇక్కడే. చాలాసార్లు ఇద్దరి మాటా నిజమే.

1991 జులై 18న వచ్చిన సినిమా. దర్శకుడు సింగీతం శ్రీనివాసరావు, మాటలు జంధ్యాలవి, సంగీతం ఇళయరాజా. ప్రొఫెసర్ రామదాసుగా టిన్నూ ఆనంద్, విలన్ రాజావర్మగా అమ్రీష్ పురి. బాలకృష్ణ అటు ఈ కాలపు కృష్ణకుమార్, ఇటు శ్రీకృష్ణదేవరాయలు. కాలయంత్రం ఎక్కితే ముందు 1526, ఆ తర్వాత 2504. ఈ సినిమాను 4కె, అంటే బాగా స్పష్టంగా ఉండే డిజిటల్ కాపీ చేసి 2025 ఏప్రిల్ 4న మళ్లీ థియేటర్లలో వేశారు. శుభ్రమైన కాపీ కళ్లబడ్డాక పాత తగాదాలు కొన్ని తీరినాయి, కొన్ని అట్లాగే ఉన్నాయి. మిగిలినవి తీరాలంటే ఆ రోజుల్లో బొమ్మ మన ఊరిదాకా ఎట్లా వచ్చేదో, దారిలో ఏమేం పోగొట్టుకునేదో తెలియాలి.

సినిమా వ్యాపారంలో మన ప్రాంతం పేరు ఈరోజుకీ సీడెడ్. 1800లో నిజాం ఈస్టిండియా కంపెనీకి ధారపోసిన జిల్లాలు కాబట్టి ఇంగ్లీషులో ఆ పేరు, తెలుగులో దత్తమండలాలు. 1928లో నంద్యాల సభలో చిలుకూరి నారాయణరావు ‘రాయలసీమ’ అన్న పేరు తెచ్చారు. జనం దాన్ని నెత్తిన పెట్టుకున్నారు గానీ డిస్ట్రిబ్యూటర్లు మాత్రం కంపెనీ దొరల పేరే వదల్లేదు. రాయలు కథలో ఉన్న సినిమా హక్కులు కూడా సీడెడ్ కింద అమ్ముడుపోయేవే!

35 మిల్లీమీటర్ల ఫిల్ములో అడుగుకు 16 ఫ్రేములు. సెకనుకు 24 ఫ్రేములు నడవాలి. అంటే నిమిషానికి 90 అడుగులు, వెయ్యడుగుల రీలుకు 11 నిమిషాలు. రెండున్నర గంటల బొమ్మ 13,500 అడుగులు, అంటే 14 రీళ్లు. ఒక్కో రీలు ఒక్కో రేకు డబ్బా. అన్నీ పెట్టెల్లో సర్ది బస్సు ఎక్కిస్తే బరువు 30 కిలోలు దాటేది. బస్సు ఆలస్యమైతే మ్యాట్నీ ఆలస్యం. ఒక పెట్టె వేరే ఊళ్లో దిగిపోతే ఇంటర్వెల్ తర్వాతి కథ ఇంటర్వెల్‌కు ముందే చూడాల్సొచ్చేది. కాలయంత్రం సినిమాకు అదీ ఒక అందమే అనుకోండి.

ఆ రోజుల్లో ప్రొజెక్టర్ గదిలో రెండు మిషన్లుండేవి. వెయ్యడుగుల రీళ్లు రెండు కలిపి ఒక స్పూలు మీద చుడతారు, అది 22 నిమిషాలు నడుస్తుంది. ఒక మిషన్ మీద బొమ్మ ఆడుతుండగా ఆపరేటర్ రెండోదాన్ని సిద్ధం చేసుకోవాలి. ఫిల్ము దీపం ముందు ఆగే చోటు గేటు, అందులో పేరుకున్న మైనం లాంటి మడ్డిని మెత్తటి గుడ్డతో తుడవాలి. ఇనప వస్తువుతో గీకితే గేటు గరుకుదేలి మొత్తం ప్రింటును చీరేస్తుంది. తర్వాత ఫిల్ము ఎక్కించాలి. గేటుకు పైన ఒక వంపు, కింద ఒక వంపు వదలాలి. వాటిని లూపు అంటారు. పై స్పూలు నుంచి ఫిల్ము ఆగకుండా దిగుతుంది, గేటు దగ్గర మాత్రం ఒక్కో ఫ్రేము ఆగి, దుమికి, మళ్లీ ఆగుతుంది. ఆ రెండు నడకలకు మధ్య సర్దుబాటు ఈ వంపే. లూపు పోయిందంటే బొమ్మ గజగజ వణికి, పక్కనున్న పళ్ల రంధ్రాలు చిరిగి, టప్‌మని తెగుతుంది. కింది లూపు రెండు మూడు ఫ్రేములు అటూ ఇటూ అయితే తెగదు గానీ, పెదాలు ముందు కదిలి మాట తర్వాత వినిపిస్తుంది. ఫిల్ము మీద శబ్దం ముద్రించేది దాని బొమ్మ పక్కన కాదు, 20 ఫ్రేముల ముందు. ఆ దూరాన్ని సరిచూసేది కింది లూపే. ‘డబ్బింగ్ బాగలేదు’ అని తిట్లు తిన్న సినిమాల్లో కొన్నిటి పాపం ఆపరేటర్ చేతివేళ్లది.

వెలుతురు కార్బన్‌ది. రెండు కార్బన్ కడ్డీలు మొనలు ఆనించి, కాస్త దూరం జరిపితే మధ్యలో నిప్పు రాజుకుంటుంది. పాజిటివ్ కడ్డీ తొందరగా అరుగుతుంది కాబట్టి దాన్ని లావుగా చేస్తారు. రెండూ కాలేకొద్దీ మధ్య సందు పెరుగుతుంది, ఆపరేటర్ మర తిప్పి దగ్గరికి జరపాలి. దీపం గూడుకు నల్ల అద్దం కిటికీ ఉంటుంది, అందులోంచి మంట చూస్తాడు. ఆయన బీడీ కాల్చుకునేందుకు అటు పోయాడంటే తెర మీద ఒక పక్క గోధుమ రంగు కమ్ముకొస్తుంది, ఇంకాస్త ఆగితే బొమ్మే మసకబారుతుంది. నేల టికెట్టు వాళ్లకు ఈ శాస్త్రమంతా తెలియకపోయినా మందు తెలుసు: ‘రేయ్, లైటు యాడికి పాయరా!’

22 నిమిషాలు పూర్తవుతుండగా తెర మీద కుడివైపు పైమూల ఒక చుక్క మెరుస్తుంది. నాలుగు ఫ్రేముల సేపు, అంటే సెకనులో ఆరో వంతు. స్కోప్ (వెడల్పు తెర) బొమ్మయితే చుక్క గుడ్డులా సాగి కనిపిస్తుంది. అది కనిపించగానే రెండో మిషన్ మోటార్ వేయాలి. దాదాపు ఏడు సెకన్లకు రెండో చుక్క పడుతుంది, అప్పుడు ఈ మిషన్ మూసి ఆ మిషన్ తెరవాలి, శబ్దం కూడా మార్చాలి. శబ్దం మీట మరిచిపోతే కొత్త రీలు బొమ్మకు ఏ మాటా ఉండదు. అసలు చుక్కలు అరిగిపోయిన ప్రింట్లలో ఆపరేటర్లు మేకుతో గీసుకున్న గుర్తులుండేవి. నాలుగూళ్లు తిరిగిన ప్రింటు మీద నలుగురి గుర్తులు. పిల్లలకు ఆ మూల చుక్క ఒక పెద్ద రహస్యం. ‘ఇప్పుడు కొడతాది చూడు’ అని పక్కవాడికి చెప్పి, కొట్టగానే గెలిచినట్టు నవ్వేవాళ్లు. 4కె కాపీలో ఆ చుక్కలు తుడిచేసుంటారు. పాత క్యాసెట్లలో మాత్రం దొరుకుతాయి, ఎందుకంటే వాటిని తయారుచేసింది చాలావరకు ఆడిన ప్రింట్ల నుంచే.

ఇక వాన. అనంతపురంలో ఏడాది పొడుగునా కురిసేది 550 మిల్లీమీటర్ల చిల్లర. సి సెంటర్, అంటే చిన్నూరి థియేటర్ తెర మీద మాత్రం కరువు లేదు, నిలువు గీతలు జోరున కురిసేవి. ఆ గీతల రంగు చూసి ప్రింటు జాతకం చెప్పొచ్చు. రంగుల ప్రింటులో పూత మూడు పొరలు: పైన మెజెంటా, మధ్యలో సయాన్, అడుగున పసుపు. పైపొర ఒక్కటే గీసుకుపోతే గీత ఆకుపచ్చగా కనిపిస్తుంది. రెండు పొరలు పోతే పసుప్పచ్చగా. మూడూ పోతే తెల్లగా, ఇక దానికి మందు లేదు. నల్ల గీతలైతే భయం లేదు. అవి వెనకవైపు, అంటే పూత లేని వైపు పడ్డవి. ఆ గీటు వెలుతుర్ని పక్కకు వంచేస్తుంది, అందుకే నల్లగా కనిపిస్తుంది. ఆ గుంటను ద్రవంతో నింపి స్కాన్ చేస్తే దాదాపు మాయమవుతుంది. పాత బొమ్మలు ఇప్పుడు మెరుస్తున్నాయంటే ఈ పద్ధతీ ఒక కారణం.

మన దగ్గర వాన ఎక్కువ కురవడానికి కారణం మన గాలే. ఏప్రిల్, మే నెలల్లో కర్నూల్లో 42, 43 డిగ్రీల ఎండ, గాలిలో తడి ఉండదు. పొడిగాలికి ఫిల్ము బిరుసెక్కుతుంది, రాపిడికి స్థిర విద్యుత్తు పుట్టి దుమ్మును లాక్కుంటుంది. రేకుల కప్పు కింద గది, తలుపు తీస్తే నల్లరేగడి దుమ్ము. చేత్తో తిరగచుట్టేటప్పుడు తొందరకొద్దీ లాగి బిగించారంటే చుట్టల మధ్య దుమ్ము ఉప్పుకాగితంలా పనిచేస్తుంది. మంచి ఆపరేటర్ మెల్లగా చుడుతూ, అంచును బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య ఆడనిస్తాడు. రంధ్రం చిరిగినచోట వేలికి గీరుకుంటుంది. అక్కడ ఆపి, కత్తిరించి, ఒక పక్క పూతను బ్లేడుతో గీకి, సిమెంటు రాసి, పది పదిహేను సెకన్లు అదిమిపట్టి అతికిస్తాడు. శబ్దం పట్టీ మీద అతుకు దగ్గర నల్ల సిరాతో చిన్న ముక్కోణం దిద్దుతాడు. దిద్దకపోతే ప్రతి అతుక్కీ స్పీకర్లో ‘టప్’మంటుంది. అతుక్కొక్కసారి ఒకటో రెండో ఫ్రేములు పోతాయి. పది ఊళ్లలో పదిసార్లు తెగినచోట హీరో చెయ్యెత్తినవాడు ఎత్తినట్టే ఉండి, మరుక్షణం గుర్రమెక్కి ఉంటాడు.

అతుకుల్లో పోయేది సెకన్ల లెక్క, కోతల్లో పోయేది నిమిషాల లెక్క. సెకండ్ షోకు బస్సు తప్పిపోతుందని పాట ఎత్తేయడం, రోజుకు అయిదో ఆట పట్టాలని హాస్యం ట్రాక్ తీసేయడం చిన్నూళ్లలో మామూలే. ‘ఆ సీను ఉందా లేదా’ అన్న తగాదా తీర్చడానికి ఒక లెక్క చాలు. సినిమా మొదట్లో పడే సెన్సార్ సర్టిఫికెట్‌ను ఆపి చదవండి. రీళ్ల సంఖ్య, నిడివి మీటర్లలో రాసుంటుంది. ఆ మీటర్లను 27.4తో భాగిస్తే నిమిషాలు వస్తాయి. 4,110 మీటర్లయితే 150 నిమిషాలు. మీ దగ్గరున్న కాపీ అంతకంటే తక్కువుంటే కోత పడిందని అప్పుడే అనుకోవద్దు. మన టీవీ పద్ధతి సెకనుకు 25 ఫ్రేములు, సినిమాది 24. క్యాసెట్‌కో వీసీడీకో ఎక్కించేటప్పుడు ఆ ఒక్క ఫ్రేమూ కలిసిరావాలని బొమ్మను నాలుగు శాతం వేగంగా తోలేస్తారు. 150 నిమిషాలది 144కే అయిపోతుంది, ఒక్క సీనూ పోకుండా. 144కూ తగ్గిందంటే అప్పుడు కోత. తగ్గుదల పదకొండు నిమిషాల దగ్గర్లో ఉంటే రీలుకు రీలే ఎగిరిపోయిందని అర్థం.

ఆ వేగానికి శ్రుతి కూడా పెరుగుతుంది, అర శ్రుతికి కాస్త తక్కువగా. హార్మోనియం ఉన్నవాళ్లు వీసీడీలో పాట పెట్టి మెట్టు పట్టుకోండి, తర్వాత ఆడియో క్యాసెట్‌తో పోల్చండి. రెండు మెట్ల మధ్య ఇరుక్కుంటుంది. టీవీలో పెరిగిన చెవికి ఇప్పటి శుభ్రమైన కాపీలో ఇళయరాజా పాటలు కాస్త నెమ్మదిగా, బరువుగా వినిపిస్తున్నాయంటే చెవి తప్పు కాదు. ఇదే అసలు నడక.

ఈ సినిమాను సీమలో చూసేవాళ్లకు ఒక ఇబ్బంది ఉంది, ఒక సుఖమూ ఉంది. 1526 మనకు మరీ పరాయి కాలం కాదు. లేపాక్షి మండపంలో స్తంభానికి ఆనుకుని పులిహోర తిన్నవాళ్లం, పెనుకొండ గగన్‌మహల్ నీడన బస్సుకోసం కాచుకున్నవాళ్లం. తెర మీద సెట్టు పడగానే కన్ను స్తంభాల మీదికే పోతుంది. తాడిపత్రి బుగ్గ రామలింగేశ్వరుడి గోపురం మీద చేయి ఆనించి చూసినవాళ్లకు ప్లాస్టర్ ఆఫ్ పారిస్ మెరుపు ఇట్టే తెలిసిపోతుంది. అట్లని సెట్టును ఎగతాళి చేయలేం. హంపీలో గుళ్లు పూర్తిగా రాతివి కాబట్టి నిలిచాయి. రాజభవనాలకు కింద రాతి అరుగు, పైన కట్టడం కొయ్యది. 1565 తళ్లికోట యుద్ధం తర్వాత కొయ్య పోయి అరుగులు మిగిలినాయి. రాయల మేడ పైభాగం ఎట్లుండేదో చూపించే రాయి ఒక్కటీ లేదు, కళా దర్శకుడు పేకేటి రంగా ఊహించి కట్టక తప్పదు.

1526 అన్న ఏడాది ఎంపికలో మాత్రం ఏ లోపమూ లేదు. రాయలు 1509 నుంచి 1529 దాకా ఏలాడు, రాయచూరు 1520లోనే గెలిచాడు. కొలువు నిండుగా ఉన్న రోజులవి. అదే ఏడాది పానిపట్టులో బాబరు గెలిచాడు, ఆ సంగతి సినిమాకు అక్కర్లేదు. రాయల్ని కళ్లారా చూసిన పోర్చుగీసు వర్తకుడు డొమింగో పేస్ రాసింది వేరే: మధ్యరకం ఎత్తు, తెలుపు ఛాయ, సన్నం కన్నా కాస్త బొద్దు, ముఖాన అమ్మవారు పోసిన మచ్చలు. మేకప్ వాళ్లు ఆ మచ్చల జోలికి పోలేదు! సభలో గ్రాంథికం వినిపిస్తుంటే, పక్కన జీన్స్ ప్యాంటు మనిషి తెల్లమొహం వేయడంలో ఉన్న హాస్యం జంధ్యాలది. తెనాలి రామకృష్ణుడుగా చంద్రమోహన్ ఉన్నాడు. రామకృష్ణుడు నిజంగా రాయల కొలువులోవాడేనా అనేది పండితులు ఇంకా తెంచని ముడి. పెద్దన సంగతికి ఆ సందేహం లేదు, ఆయనకు రాయలిచ్చిన కోకట అగ్రహారం మన కడప జిల్లా కమలాపురం దగ్గరిదే.

అసలు చూడాల్సింది వజ్రం. కథ మొత్తం తిరిగేది రాయల కాలపు వజ్రం చుట్టూ. తుగ్గలి, జొన్నగిరి, మద్దికెర, పెరవలి వాళ్లకు, ఇటు వజ్రకరూరు వాళ్లకు ఇది సైన్స్ ఫిక్షన్ కాదు, తొలకరి పని. మొదటి గట్టి వాన పడి రెండు రోజులు తెరిపిస్తే చాలు, జనం సద్దిమూటలతో చేలల్లోకి దిగుతారు. వాన రెండు పనులు చేస్తుంది: పైమట్టిని కోసి అడుగున రాళ్లను పైకి తెస్తుంది, రాళ్ల మీద దుమ్ము కడుగుతుంది. ఎండ వాలుగా ఉండే ఉదయం, సాయంత్రం వెతకాలి, సూర్యుడికి ఎదురుగా నడవాలి. నడినెత్తి ఎండలో చెకుముకి, పలుగు, సీసా పెంకు అన్నీ ఒకేలా మెరుస్తాయి. చేతికి దొరికిన రాయి మీద నోటి ఆవిరి ఊదితే పలుగురాయి మీద కాసేపు మసకగా నిలుస్తుంది, వజ్రం మీద ఊదిన వెంటనే ఆరిపోతుంది. వజ్రం వేడిని వెంటనే లాగేస్తుంది కాబట్టి. ఇది మొదటి జల్లెడ మాత్రమే, తీర్పు చెప్పేది కాదు. సుత్తితో కొట్టి చూడటమనే మొరటు పరీక్ష మాత్రం ఎవరూ చేయొద్దు. వజ్రం గీతకు లొంగదు గానీ దెబ్బకు పొరల వెంట చిట్లుతుంది.

దొరికిన వజ్రం సినిమాలోలాగా దగదగలాడదు. నూనె రాసిన పటికబెల్లం ముక్కలా జిడ్డుగా మెరుస్తుంది. తెర మీద వెలుగులు చిమ్మే ఆ చెక్కుడు 1526 నాటికి లేనే లేదు, అది చాలా తర్వాత వచ్చిన పద్ధతి. రాయల కాలం సానవాళ్లు బరువు పోకుండా ఉన్న ముఖాలనే మెరుగుపెట్టి వదిలేవాళ్లు. ఇంకో పోర్చుగీసు మనిషి నూనిజ్, ఇరవై మాంగెలిన్ల (అప్పటి వజ్రాల తూనిక) బరువు దాటిన వజ్రం ఏదైనా రాజు ఖజానాకు పోవాలనే నియమం ఉండేదని రాశాడు. అంత పెద్ద రాయి రాజు దగ్గరే ఉండటం అనే సంగతిలో సినిమా చరిత్రను తప్పలేదు. ఇంతకీ వజ్రకరూరు వజ్రాలను పైకి తెచ్చిన కింబర్లైట్ రాయి వయసు దాదాపు 110 కోట్ల ఏళ్లు. దాని ముందు 1526, 2504 రెండూ ఒకే పూట.

ట్రిక్కుల మాట. 1991లో కంప్యూటర్ బొమ్మలు మన దగ్గర లేనట్టే. నమూనాలు, ఒకే ఫిల్ము మీద రెండుసార్లు తీయడం, ముసుగు పెట్టి సగం సగం తీయడం, ఆప్టికల్ ప్రింటర్ మీద కలపడం, ఇవే దారులు. ఆప్టికల్ ప్రింటర్ గుండా పోయిన ముక్క అసలు నెగెటివ్ కాదు, దానికి కాపీ. అందుకే అక్కడ ఇసుక రేణువుల్లాంటి గరుకు ఎక్కువ, రంగు ఒక పిసరు మారుతుంది. పెద్ద తెర మీద ఈసారి ఇది గమనించండి: ఒక బొమ్మ ఇంకో బొమ్మలోకి కరిగిపోయే చోటుకు సెకను ముందు, ఏమీ జరగకముందే, తెర ఒక్కసారి గరుకెక్కుతుంది. ట్రిక్కు వస్తోందని చెప్పే సైగ అది. చిన్నప్పుడు గీతల వానలో అది కనబడేది కాదు. 4కె శుభ్రం ఇక్కడ సినిమాకు కొంచెం అన్యాయమే చేస్తుంది. కెమెరా ముగ్గురిది: పి.సి. శ్రీరామ్, వి.ఎస్.ఆర్. స్వామి, కబీర్‌లాల్. వెలుతురు ఎక్కడ మారిందో పోల్చుకోవడం మళ్లీ చూసేవాళ్లకు మాత్రమే దక్కే సరదా. 2504 భాగం గబగబా నడిచిపోతుంది. రేడియేషన్ భయం, నేల కింద బతుకులు గుర్తుంటాయి, తక్కినదాంట్లో ఈ కాలానికి నిలిచేది తక్కువ.

ఇంట్లో పాత క్యాసెట్ ఉంటే అటక మీంచి దించగానే డెక్కులో తోసేయకండి. ముందు కిటికీలోంచి టేపు చుట్టను వెలుతురుకు పెట్టి చూడండి. అంచున తెల్లటి బూజు, సాలెగూడు లాంటి పోగులు కనబడితే ఆ క్యాసెట్ ఆడించకూడదు. బూజు డెక్కులో టేపును చదివే హెడ్డుకు అంటుకుని తర్వాత పెట్టే ప్రతి క్యాసెట్‌కూ పాకుతుంది. చుట్టలు ఒకదానికొకటి అతుక్కుపోయుంటే టేపు అక్కడికక్కడే తెగుతుంది. డబ్బా అడుగున అయిదు స్క్రూలుంటాయి. విప్పేటప్పుడు బోర్లించి విప్పి, తర్వాత తిప్పి పైమూత ఎత్తాలి, లేదంటే చిన్న చిన్న స్ప్రింగులు గాల్లో కలుస్తాయి. టేపు పోయే దారిని ఫోటో తీసుకోండి. బూజు పట్టిన చుట్టను గాలి పారే చోట, ముక్కుకు గుడ్డ కట్టుకుని, చేత్తో నెమ్మదిగా ఒక వైపు నుంచి ఇంకో వైపుకు చుడుతూ, పోగులు రాలని మెత్తటి గుడ్డకు ఐసోప్రొపైల్ ఆల్కహాల్ చుక్క తడిపి అంచులు తుడవాలి. పూత వైపు రుద్దకూడదు.

డెక్కు హెడ్డుకూ అదే మందు. గుండ్రటి డ్రమ్ము నిమిషానికి 1,500 చుట్లు తిరుగుతుంది, దాని అంచున వెంట్రుక మందాన ఉండేవే హెడ్డులు. తడి తోలుముక్కను డ్రమ్ముకు కదలకుండా ఆనించి, రెండో చేత్తో డ్రమ్మును తిప్పాలి. పైకీ కిందికీ రుద్దారంటే హెడ్డు విరుగుతుంది, డెక్కు పని అయిపోయినట్టే. ఆరడానికి పావుగంట ఇచ్చి, ముందు పనికిరాని క్యాసెట్ ఒకటి పెట్టి చూడండి. బొమ్మ కింద మంచులాంటి చారలొస్తే ట్రాకింగ్ మీట కదపండి. ఆ క్యాసెట్ నింపిన డెక్కుకూ మీ డెక్కుకూ కొలత కలవలేదన్న మాట. ఒకసారి కలిసిందంటే ఇక ఆపకుండా మొత్తం కంప్యూటర్లోకి ఎక్కించుకోండి, అడ్డం 720, నిలువు 576 పిక్సెళ్ల కొలతలో, సెకనుకు 25 ఫ్రేముల్లో. ఎక్కించేటప్పుడే బొమ్మను మెరుగుపరిచే మీటలేవీ వాడొద్దు, అవి తర్వాత ఎప్పుడైనా చేసుకోవచ్చు. అద్దె క్యాసెట్లలో ఎక్కువ భాగం కాపీకి కాపీ. అందులో ఎరుపు రంగు కుడివైపుకు కారిపోయినట్టు ఉంటే బాగుచేసే దారి లేదు.

ఇంకో సంగతి, స్కోప్ సినిమాను పాత టీవీ చతురస్రంలో నింపాలంటే రెండు పక్కలా కోయాలి. 2.35 వెడల్పును 1.33కు కోస్తే బొమ్మలో నూటికి 43 పాళ్లు పోతాయి. ఎదురెదురుగా నిలబడి మాట్లాడుకునే ఇద్దరిలో ఒకరి ముక్కు, ఇంకొకరి ముక్కు మాత్రమే మిగిలే సీన్లు అట్లా పుట్టినవే. ‘ఆ సీన్లో వాడు ఉన్నాడా’ అనే తగాదాలు కొన్ని ఇక్కడే తీరుతాయి. ఉన్నాడు, టీవీ అంచుకు అవతల.

కొత్త టీవీలో పాత బొమ్మ వేసేటప్పుడు మొదట ఆర్పాల్సింది కదలికను నున్నగా చేసే మీట. ట్రూమోషన్, మోషన్‌ఫ్లో, ఒక్కో కంపెనీ ఒక్కో పేరు పెట్టుకుంది. అది వెలుగుతుంటే 24 ఫ్రేముల మధ్య టీవీ తనే లేని ఫ్రేములు కల్పించి జొప్పిస్తుంది, రాయల సభ సాయంత్రం సీరియల్ అయిపోతుంది. ఫిల్మ్‌మేకర్ మోడ్ ఉంటే అది ఒక్కటి నొక్కితే చాలు. లేకుంటే రంగును వార్మ్‌కు, షార్ప్‌నెస్ బాగా కిందికి తేవాలి. జూమ్ ముట్టుకోవద్దు, నల్ల పట్టీలు ఉండనివ్వండి. బొమ్మ సాగిందన్న అనుమానం వస్తే బండి చక్రమో చందమామో వచ్చే చోట ఆపి స్కేలు పెట్టి కొలవండి. అడ్డం నిలువు సమానంగా ఉండాలి. లెన్సు మార్చడం మరిచిన ఆపరేటర్ చేతిలో మనుషులంతా మునక్కాడల్లా కనిపించినట్టే, ఇప్పుడు రిమోట్ తప్పు నొక్కితే గుమ్మడికాయల్లా కనిపిస్తారు.

వీసీడీ అయితే 288 గీతల బొమ్మ, 55 అంగుళాల టీవీకి అంత సాగే శక్తి దానికి లేదు. గోడకు ఆనుకునేంత వెనక్కి జరిగి కూచోండి. శబ్దం ఆ కాలం ప్రింట్లలో ఎక్కువగా ఒకే ట్రాకు కాబట్టి సరౌండ్ ఆపేసి, టీవీ కింద మధ్యలో ఒక్క స్పీకరు పెడితే మాట తెర మీంచే వస్తుంది. చూడటం అయ్యాక క్యాసెట్‌ను మధ్యలో వదలకుండా చివరిదాకా ఒకే బిగువున చుట్టి, డబ్బాలో పెట్టి, పుస్తకంలా నిలబెట్టండి. పడుకోబెడితే చుట్ట అంచులు ఒకదాని మీద ఒకటి కుంగి వంకరపోతాయి. అటక మీద మాత్రం వద్దు, మే నెలలో మిద్దె కింది అటక కన్నా వంటింటి పొయ్యి పక్కే చల్లగా ఉంటుంది.